‘నీకెలా తెలుసు?’: ఊరి చెరువు గట్టు మీద పిల్లలకు పరిశోధన నేర్పే పద్ధతి

ప్రాజెక్టు మార్కుల గడువు దగ్గరపడిన వారం మా మండల కేంద్రంలోని జిరాక్సు దుకాణాల ముందు పిల్లలు బారులు తీరుతారు. ‘కరువు – కారణాలు’ అని అడిగితే చాలు, నాలుగు పేజీల ప్రింటు, రెండు రంగుల బొమ్మలు చేతికొస్తాయి. వాటిని అట్టకు అంటించి తెచ్చి మాకు ఇస్తారు. అనంతపురం జిల్లాలో సాంఘిక శాస్త్రం చెప్పే నేను చాలా ఏళ్లు ఆ అట్టలకే మార్కులు వేశాను. ఒకసారి ఎనిమిదో తరగతి అమ్మాయి తెచ్చిన అట్ట మీద మన జిల్లా సగటు వర్షపాతం 900 మిల్లీమీటర్లని ఉంది. అసలు సగటు సుమారు 550. “ఇది నీకెలా తెలుసమ్మా?” అని అడిగాను. “ప్రింటులో ఉంది సార్” అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఎనిమిదేళ్ల చదువులో ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి ప్రతి ఏడూ ఒక తరగతితో ఊరి చెరువు మీద పరిశోధన చేయిస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఎనిమిది వారాలు, వారానికి రెండు పీరియడ్లు సరిపోతాయి. ఆరు, ఏడు తరగతులకు ఒకే చిన్న ప్రశ్న, అడగడానికి ఇద్దరు మనుషులు, రెండు వారాలు చాలు. పదో తరగతి వాళ్లతో చేయించాలంటే దసరా సెలవుల లోపే ముగించండి. ఆ తర్వాత వాళ్ల మనసు పబ్లిక్ పరీక్షల మీదే ఉంటుంది. మీ ఊళ్లో చెరువు లేకపోతే పాత బావి, సంత, మగ్గాల వీధి, బడి, ఏదైనా సరే. పిల్లలు నడిచి వెళ్లగలిగేది, అక్కడి మనుషులతో మాట్లాడగలిగేది కావాలి.

మొదటి అడుగు: వారం రోజుల కసరత్తు

ప్రాజెక్టు మాట ఎత్తకుండా ఒక వారం రోజూ పది నిమిషాలు ఈ పని చేయించండి. బోర్డు మీద ఒక వాక్యం రాయాలి. ‘మన బడి ఫలానా ఏడాది పెట్టారు’, ‘ఈ ఏడు వానలు తక్కువ’, ‘తిమ్మమ్మ మర్రిమాను ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రిచెట్టు’ లాంటివి. ఒక్కోదాని పక్కన పిల్లలు సమాధానం చెప్పాలి: ఇది మనకెలా తెలుసు? కళ్లారా చూశామా, చూసినవాళ్లు చెప్పారా, కొలిచామా, ఎక్కడైనా చదివామా?

మర్రిమాను వాక్యంతో తరగతి బాగా కదులుతుంది. కదిరి దగ్గరి ఆ చెట్టు 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కిందని ఎవరో ఒకరు చెబుతారు. అక్కడ ఆపకండి. పెద్దది అంటే ఎత్తులోనా, కాండం చుట్టుకొలతలోనా, కొమ్మలు పరుచుకున్న విస్తీర్ణంలోనా? విస్తీర్ణంలో అని తేలేసరికి, ఒక మాటకు అర్థం ఖాయం చేసుకోకుండా దాన్ని కొలవలేమని పిల్లలకు తెలిసిపోతుంది. బడి పెట్టిన ఏడాది కోసం శిలాఫలకం చూడాలని ఒకరు, పాత అడ్మిషన్ రిజిస్టరు చూడాలని ఒకరు అంటారు. రెండూ చూపించండి. రెండింటిలో ఏడాది వేరుగా ఉంటే మరీ మంచిది.

రెండో అడుగు: ప్రశ్న

మొత్తం పనిలో కష్టమైనది ఇదే. మనం తొందరపడి చెడగొట్టేదీ ఇదే.

తరగతిని ఒక పూట చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. ఎవరూ మాట్లాడకూడదు. ఒక్కొక్కరు పది ప్రశ్నలు రాసుకోవాలి. ఏ ప్రశ్నా పిచ్చి ప్రశ్న కాదని ముందే చెప్పండి, ఆ మాట మీద నిలబడండి. మొదటి నాలుగైదు ప్రశ్నలు పాఠ్యపుస్తకం ప్రశ్నల్లాగే ఉంటాయి: ‘చెరువు వల్ల ఉపయోగాలేమిటి?’ ఆరోదాని నుంచి పిల్లలు నిజంగా చూడటం మొదలుపెడతారు. నా దగ్గర దాచుకున్న కాగితాల్లో ఇలాంటివి ఉన్నాయి: తూము ఎందుకు పూడ్చేశారు? కట్ట మీద ఈ రాయి ఎవరు పాతారు? చెరువులోకి ఇంత కంప ఎలా వచ్చింది? మా అవ్వ ఇక్కడ ఈత కొట్టానంటుంది, నిజంగా అంత నీళ్లు ఉండేవా?

ఆ చివరిది నా దృష్టిలో అన్నిటికంటే మంచి ప్రశ్న. అందులో ఒక మనిషి చెప్పిన మాట ఉంది, దాన్ని పరీక్షించాలన్న కోరిక ఉంది, అవ్వ మీద ప్రేమా ఉంది.

ప్రశ్నలన్నీ గోడకు అంటించి మూడు జల్లెళ్లు పట్టించండి. ఒక్క పుస్తకం తెరిస్తే జవాబు దొరికేదైతే పక్కన పెట్టాలి. ఎనిమిది వారాల్లో, మన బస్సు ఛార్జీల్లో తేలనిదైతే చిన్నది చేయాలి. జవాబు ముందే తెలిసినట్టు అనిపించేదైతే తిప్పి రాయాలి. ‘చెరువు ఎందుకు ఎండిపోయింది?’ అన్నది పెద్ద శాస్త్రవేత్తలకు కూడా ఏళ్ల పని. దాన్ని ‘మన చెరువు చివరిసారి మరవ పారింది ఎప్పుడు? అంతకుముందు ఎన్నేళ్లకోసారి పారేది?’ అని మారిస్తే పదమూడేళ్ల పిల్లల చేతికి అందుతుంది. మరవ అంటే చెరువు నిండాక అదనపు నీళ్లు బయటికి పొర్లే చోటు. ఈ మార్పు మీరు చేయకండి. ‘దీనికి జవాబు ఎవరిని అడుగుతావు?’ అని మళ్లీ మళ్లీ అడిగితే ప్రశ్నను వాళ్లే కుదించుకుంటారు.

ప్రశ్న ఖాయమయ్యాక ప్రతి జట్టూ తమ ఊహను ఒక చీటీ మీద రాసి, కవరులో పెట్టి అతికించాలి. ఆ కవర్లు బీరువాలో భద్రం చేయండి, చివర్లో పని ఉంది.

మూడో అడుగు: చీటీల పద్ధతి

నోటు పుస్తకంలో రాయిస్తే అన్నీ కలిసిపోతాయి. పాత పరీక్ష కాగితాల వెనుకవైపు నాలుగు ముక్కలుగా కత్తిరించి చీటీలు చేయండి. ఒక చీటీ మీద ఒకే సంగతి రాయాలి. కింద ఎవరు చెప్పారు లేదా ఏ పుస్తకం ఎన్నో పేజీ, ఏ తేదీన, ఎక్కడ అన్నది ఉండాలి. మూలలో ఒక గుర్తు పెట్టాలి: వాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే ‘ఉ’, మన మాటల్లో రాస్తే ‘మ’. ఈ రెండక్షరాలతోనే కాపీ కొట్టడం అనే సమస్య చాలావరకు తీరిపోయింది. కాపీ తప్పని చెప్పడం కంటే ఏది ఎవరి మాటో గుర్తు పెట్టడం నేర్పితే పిల్లలు తొందరగా పట్టుకుంటారు.

నాలుగో అడుగు: మనుషుల దగ్గరికి

పుస్తకం కంటే, ఫోను కంటే ముందు మనుషుల దగ్గరికే పంపండి. ఊరి చెరువు గురించి ఎక్కువ తెలిసినవాళ్లు పొలాలకు చెరువు నీళ్లు వదిలే నీరుగంటి కుటుంబాలవాళ్లు, గొర్రెల కాపరులు, ఆయకట్టు రైతులు. వంకలు, అంటే వాగులు, ఎటు తిరిగాయో కాపరికి తెలిసినంతగా పటానికి తెలియదు. ఆడవాళ్లను తప్పకుండా అడగాలి, వీలైతే విడిగా అడగాలి. నీళ్లు మోసినవాళ్లు వాళ్లే కాబట్టి ఏ బావి ఏ నెలలో అడుగంటేదో చెప్పగలరు. ఏ మెట్ల మీద ఎవరిని నీళ్లు ముంచుకోనిచ్చేవారు కాదో కూడా చెబుతారు. ఆ మాటలు వినేటప్పుడు పిల్లలు తల దించుకుని రాసుకోవాలి, వాదించకూడదు, నవ్వకూడదు.

ఇద్దరిద్దరుగా పంపండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. వేరుశనగ కాయ పీకే రోజుల్లో ఎవరికీ తీరిక ఉండదు, అప్పుడు వెళ్లవద్దు. వెళ్లగానే తామెవరి పిల్లలో, ఎందుకొచ్చారో చెప్పి, రాసుకోవచ్చా అని అడగాలి. ఫోనులో రికార్డు చేయాలంటే దానికి వేరే అనుమతి తీసుకోవాలి. ప్రశ్నలను బడిలోనే సాధన చేయించండి. “అప్పట్లో వానలు బాగా పడేవి కదా తాతా?” అంటే “అవును నాయనా” అన్న జవాబే వస్తుంది. “మీ పెళ్లయిన ఏడు చెరువు ఎలా ఉండేది తాతా?” అంటే కథ మొదలవుతుంది.

పెద్దవాళ్లు సంవత్సరాలను అంకెల్లో గుర్తుపెట్టుకోరు. ఒక ఏడాది మా పిల్లలకు ఇద్దరు పెద్దలు చెరువు చివరి మరవ గురించి రెండు కాలాలు చెప్పారు. మధ్యలో ఆరేళ్ల తేడా ఉంది. ఎవరు సరి? ఒక పెద్దాయన “మా రెండో కూతురి పెళ్లికి వచ్చినవాళ్లు మరవ దాటలేక అవతలే ఆగిపోయారు” అన్నారు. ఒక పిల్లవాడు మర్నాడు మళ్లీ వెళ్లి, ట్రంకు పెట్టెలోంచి ఆ శుభలేఖ తీయించి చూశాడు. తేదీ దొరికింది! ఎవరూ చెప్పకుండా ఆ పిల్లవాడికి శుభలేఖ ఆలోచన వచ్చిన రోజు నాకు ఇప్పటికీ పండుగ రోజే. ఆ తర్వాత రేషను కార్డులు, బడి రిజిస్టర్లు, ఇంటి గడప మీద చెక్కిన తేదీలు కూడా సాక్ష్యాలేనని తరగతి మొత్తానికి తెలిసింది.

తెలుగు సంవత్సరాల పేర్లతో ఒక జాగ్రత్త అవసరం. మన సీమలో ‘ధాత కరువు’ మాట ఇంకా వినిపిస్తుంది. అది 1876లో మొదలైన మహా కరువు. అరవై ఏళ్ల చక్రంలో ధాత మళ్లీ 1936లో వచ్చింది, 1996లో వచ్చింది. ఎవరైనా సంవత్సరం పేరు చెబితే ఏ చుట్టులోదో తేల్చుకునే దాకా అంకె రాయకూడదు.

ఐదో అడుగు: కాగితాలు

ప్రధానోపాధ్యాయుల సంతకంతో ఒక పరిచయ లేఖ ఇవ్వండి. చేతిలో ఆ కాగితం ఉంటే పిల్లలు ఆఫీసు గడప ధైర్యంగా దాటుతారు. గ్రామ సచివాలయంలో గ్రామ పటం, చెరువు సర్వే నంబరు, విస్తీర్ణం అడగవచ్చు. మండలంలో గణాంక అధికారి దగ్గర వర్షపాతం లెక్కలు ఉంటాయి. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వెలువరించే గణాంక దర్శినిలో మండలాలవారీ లెక్కలు దొరుకుతాయి. ఏడాది మొత్తం అంకె ఒక్కటే రాసుకొస్తే చాలదు, నెలలవారీగా తీసుకోమనండి. మన వానలకు మొత్తం కంటే ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి, ఈశాన్య వానలు మనదాకా వచ్చేసరికి పలచబడతాయి. అందుకే ఇక్కడ రెండు కాలాలూ అదృష్టం మీద నడుస్తాయి.

పాత పుస్తకాల్లో 1905లో ఫ్రాన్సిస్ అనే అధికారి సిద్ధం చేసిన అనంతపురం జిల్లా గెజిటీరు, అంటే ప్రభుత్వం వేయించిన జిల్లా వివరాల పుస్తకం ఉంది. ఇంటర్నెట్‌లో స్కాన్ ప్రతి దొరుకుతుంది. ఇంగ్లిషు కష్టమైనా చెరువుల గురించిన ఒక్క పేజీ మీరు తెలుగులో చెబుతూ చదివించండి. చదివాక ‘ఇది ఎవరి కోసం రాశారు?’ అని అడగండి. పాలించేవాళ్ల అవసరం కోసం రాసిన పుస్తకంలో శిస్తు గురించి ఎక్కువగా, నీళ్లు మోసిన ఆడవాళ్ల గురించి తక్కువగా ఎందుకుంటుందో పిల్లలే చెబుతారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆధారం పక్క జిల్లాలో ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువుకు రెండేళ్లపాటు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని అందులో ఉంది. అంతేకాదు, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు. కట్టలోంచి నీరు ఊరిపోవడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం: ఇవీ ఆ ఆరు. ఈ పట్టిక చేతికిచ్చి, మన చెరువును ఆరు దోషాలతో పోల్చి చూడమనండి. ఆరున్నర శతాబ్దాల కిందటి మనిషి ప్రశ్నలతో తమ ఊరి కట్ట మీద నడుస్తున్నప్పుడు పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో మీరే చూడాలి. మా వాళ్లు ఒక ఏడాది ఏడో దోషం కూడా చేర్చారు: ‘వంకకు అడ్డంగా రోడ్డు వేయడం.’

ఆరో అడుగు: కొలత

వెడల్పు అంతటా సమానంగా ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా అందులోనే పెడితే వానమాపకం తయారవుతుంది. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే గులకరాళ్లు వేసి, గుర్తు గీసిన చోటిదాకా నీళ్లు పోసి అక్కడినుంచి స్కేలుతో కొలవాలి. చెట్లకు, గోడలకు దూరంగా పెట్టి రోజూ ఉదయం 8:30కి చూడాలి. వాతావరణ శాఖ రోజువారీ లెక్క కూడా ఆ వేళకే తీస్తుంది. 2.5 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ పడితేనే ఆ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. రైతులు చెప్పే ‘పదును’కు, అంటే విత్తడానికి సరిపడా తడికి, ఎన్ని మిల్లీమీటర్లు కావాలో ఎర్రనేలలో, నల్లరేగడిలో విడివిడిగా తవ్వి చూడటం మరో చక్కని ప్రశ్న.

లెక్కల మాస్టారిని ఇక్కడ కలుపుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. వంద ఎకరాల మీద 20 మిల్లీమీటర్లు పడితే దాదాపు 81 లక్షల లీటర్లు. అందులో ఎంత చెరువుకు చేరింది, మిగతాది ఎక్కడ ఆగింది? ఈ ప్రశ్న పుట్టాక పిల్లలు వంక పొడవునా నడుస్తారు. పెద్దవాళ్లు తోడు లేకుండా పంపకండి. నీళ్లున్న గుంతల్లోకి, వాడని బోరుబావుల దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు.

ఏడో అడుగు: ఫోను

ఇంటర్నెట్ ఇంత ఆలస్యంగా వస్తే పిల్లలకు మేలు. అప్పటికి వాళ్ల దగ్గర సొంత చీటీలు ఉంటాయి కాబట్టి తెర మీది మాటను వాటితో పోల్చగలరు. ఇస్రో వారి ఉపగ్రహ పటాల వెబ్‌సైటు భువన్‌లో, గూగుల్ ఎర్త్‌లో ఊరి చెరువును పైనుంచి చూపించండి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ పాత ఏళ్ల చిత్రాలు కూడా చూపుతుంది. ఏ నెలలో తీసిన చిత్రమో చూడకుండా ‘చెరువు ఎండింది’ అని రాయనివ్వకండి. మే నెల చిత్రాన్ని నవంబరు చిత్రంతో పోల్చడం తప్పు.

ఒక వెబ్ పేజీ నమ్మదగినదో కాదో ఆ పేజీనే చూస్తూ కూర్చుంటే తెలియదు. దాన్ని వదిలి, రాసినవారి గురించి ఇతరులు ఏమంటున్నారో వెతకాలి. వికీపీడియాను నిషేధించకండి. వ్యాసం అడుగున ఉన్న మూలాల దాకా వెళ్లడం నేర్పండి. ప్రశ్న వేస్తే జవాబు అల్లి ఇచ్చే కృత్రిమ మేధ యాప్‌లు ఇప్పుడు చాలామంది ఇళ్లలో ఉన్నాయి. తరగతి ముందే ఆ యాప్‌ను మీ ఊరి చెరువు గురించి అడిగించండి. వచ్చిన ఒక్కో వాక్యాన్నీ పిల్లలు తమ చీటీలతో సరిచూడాలి. సరిపోయినవి, సరిపోనివి, తేల్చలేనివి అని మూడు వరుసలు చేయాలి. ఆ పీరియడ్ తర్వాత ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: మాటలు కలవనప్పుడు

నాలుగో వారం ప్రాంతంలో తరగతి డీలా పడుతుంది. చీటీలు కుప్పగా ఉంటాయి, ఒకదానికొకటి పొసగవు. “సార్, మీరే చెప్పేయండి” అంటారు. చెప్పకండి. ఈ గందరగోళం లేకుండా ఏ పరిశోధనా జరగదని వాళ్లకు తెలియాలి.

మన ప్రాంతం పేరుతోనే ఒక ఉదాహరణ ఇవ్వండి. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన ఈ సీమను దత్తమండలాలు అనేవారు. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో రాయలసీమ అనే పేరు ఖాయమైంది. ఆ పేరు సూచించింది చిలుకూరి నారాయణరావు అని కొందరు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని కొందరు రాస్తూ వచ్చారు. సభ జరిగి వందేళ్లయినా కాలేదు, చదువుకున్నవాళ్లే హాజరయ్యారు, అయినా రెండు మాటలున్నాయి. అలాంటప్పుడు ఎవరు సభలో ఉన్నారు, ఎవరు విని రాశారు, ఎవరు ఎప్పుడు రాశారు అని చూడాలి. తెలుగు నిఘంటువు కూర్చిన ఇంగ్లిషు అధికారి సి.పి. బ్రౌన్ దొర కడప బంగళాలో పండితులను పెట్టి తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు సరిచేయించిన పని కూడా ఇదే. ఆ బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం, పరిశోధన కేంద్రం ఉన్నాయి. వీలైతే పిల్లలను ఒకరోజు తీసుకెళ్లండి.

చీటీలను నేల మీద పరిచి, కలిసేవి ఒక వరుసగా, కలవనివి ఎదురెదురుగా పెట్టించండి. ప్రతి జతకూ పిల్లలు ఒక వాక్యం రాయాలి: ‘మేము దీన్ని ఎక్కువ నమ్ముతున్నాం, ఎందుకంటే…’

తొమ్మిదో అడుగు: రాయడం, వినిపించడం

నివేదిక నాలుగు పేజీలు మించనక్కర్లేదు. ప్రశ్న, ఎలా వెతికాం, ఏమి తేలింది, ఏమి తేలలేదు. ‘ఏమి తేలలేదు’ భాగం లేకపోతే తిరిగి ఇచ్చేయండి. ‘తెలుస్తోంది’, ‘అంటారు’ అని గాలిలో వదిలిన క్రియ కనిపించిన ప్రతిచోటా ఎవరికి తెలుస్తోంది, ఎవరంటారు అని పెన్సిలుతో రాయండి.

ఒక జాగ్రత్త నాకు అనుభవం నేర్పింది. ఒక ఏడాది ఒక జట్టు చెరువు ఆక్రమించినవారి పేరు నివేదికలో రాసింది. ఆ సాయంత్రం ఆ పిల్లల ఇంటి ముందు గొడవైంది. అది ముందే చూడాల్సింది నేను. అప్పటినుంచి ఎంత మేర తగ్గింది, ఏ దిక్కున తగ్గింది అన్నది కొలిచి రాస్తాం, పేర్లు రాయం. నిజం దాచడానికి కాదు, దాని బరువు పద్నాలుగేళ్ల పిల్లల మీద పడకూడదు. అధికారులకు చెప్పాల్సింది ఉంటే పెద్దవాళ్లం మేమే వెళ్తాం.

నివేదికను, పిల్లలతో మాట్లాడిన పెద్దల ముందే చదివించండి. రచ్చబండ దగ్గరో, బడి వరండాలోనో చాలు. తాము చెప్పిన మాట తప్పుగా రాశారని ఎవరైనా లేచి సరిచేస్తే ఆ సవరణ కూడా ఒక చీటీ అవుతుంది. మంచి నివేదికలు జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కు పంపవచ్చు. స్థానిక సమస్య మీద పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు చేసే పనికే అది ఉద్దేశించింది.

మార్కులు ఇరవై అనుకుంటే నేను ఇలా వేస్తాను: ప్రశ్నకు 4, చీటీలకు 6, కలవని మాటలను తూచిన తీరుకు 5, రాతకు 3, వినిపించడానికి 2. అట్టకు, రంగులకు, దస్తూరికి ఏమీ లేవు. మొదటి ఏడాది తల్లిదండ్రులు అడుగుతారు. చీటీల కట్ట చేతికిచ్చి చూపించండి.

చివరి పీరియడ్‌లో బీరువాలోని కవర్లు తెరిపించండి. మొదటి రోజు ఊహ పక్కన ఇప్పటి జవాబు రాయించి, ఏ చీటీ తమ మనసు మార్చిందో చెప్పించండి. తర్వాత కవర్లు, చీటీలు, నివేదికలు ఒక పెట్టెలో పెట్టి మూత మీద ఏడాది రాయండి. వచ్చే జూన్‌లో కొత్త తరగతి కట్ట మీదికి వెళ్లే ముందు ఆ పెట్టెలోంచి ‘ఏమి తేలలేదు’ పేజీలు తీసి వాళ్ల చేతికివ్వండి.